ఒంటరితనానికి బాధ్యులెవరు?

(తిరుపతిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ సిబ్బందికి, కార్తీకమాసపు పనులు పక్కన పెట్టి ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం "ఆధునిక సమాజంలో ఒంటరితనం". దానికి "వెలివేత"ను కూడా చేర్చమని నేను కోరాను. వారు కాస్త తటపటాయించారు. ఒంటరితనం మనసుకు సంబంధించింది, వెలివేత కులానికో ఊరి కట్టుబాటుకో సంబంధించింది, ఈ రెండింటినీ ఒకే గాటన ఎలా కడతారన్నది వారి సందేహం. అవి రెండూ ఒకే సంగతికి లోపలి వైపు, బయటి వైపు అన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్నది. ఒక మనిషి ఎవరితోనూ కలవకుండా తనలో తాను కుమిలిపోతూ ఉంటే, అది అతని స్వభావమనీ, పిరికితనమనీ, మరీ ముదిరితే జబ్బనీ అంటాం. అతన్ని కలుపుకోకుండా వదిలేసిన ఇల్లూ, వీధీ, కార్యాలయమూ, బంధువర్గమూ మాత్రం మన లెక్కలోకి రావు. "నలుగురిలో తిరగవయ్యా" అని అతనికే సలహా ఇస్తాం గాని, ఆ నలుగురూ అతన్ని రానిస్తున్నారా లేదా అని అడగము.

ముందుగా ఒక నమ్మకం గురించి. ఒంటరితనం పాశ్చాత్య దేశాల రోగమనీ, ఉమ్మడి కుటుంబాలూ పండగలూ పబ్బాలూ ఉన్న మనకు అది ఈ మధ్యే సెల్‌ఫోన్లతో పాటు దిగుమతి అయిందనీ చాలామంది పెద్దలు చెబుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద 2023 నవంబరులో ఒక కమిషన్‌ను వేసింది. ఆ కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దాని వల్ల ఏటా దాదాపు 8,71,000 మంది ఆయువు తీరకుండానే పోతున్నారని అంచనా. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ రెండు అంకెలూ కావు. ధనిక దేశాల్లో నూటికి 11 మంది తాము ఒంటరివాళ్ళమని చెప్పుకుంటే, అతి తక్కువ ఆదాయమున్న దేశాల్లో నూటికి 24 మంది చెప్పుకున్నారు. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. మనది ఆ రెండు కోవలకూ మధ్యలో ఉన్న దేశం. అయినా డబ్బూ నాగరికతా పెరిగినకొద్దీ ఒంటరితనం పెరుగుతుందన్న మన ధీమాను ఈ లెక్క తలకిందులు చేస్తున్నది.

ఎందుకిలా? పేదరికమే మనిషిని నలుగురిలోంచి తప్పిస్తుంది. సంఘంలో తలెత్తుకుని తిరగడానికి ఒక పేద కూలీకి కూడా నారబట్ట చొక్కా అవసరమని, అది లేకుండా బయటికి రావడానికి అతను సిగ్గుపడతాడని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. మన దగ్గర ఆ చొక్కా స్థానంలో చదివింపులు ఉన్నాయి. పెళ్ళికి పిలుపు వస్తుంది, పత్రిక మీద పసుపు కూడా ఉంటుంది. వాళ్ళు మన ఇంట్లో శుభకార్యానికి వెయ్యిన్నూటపదహార్లు చదివించారు. మనం ఇప్పుడు కనీసం అంత పెట్టాలి. అది లేదు. కాబట్టి "ఆ రోజు జ్వరం వచ్చింది" అని చెప్పి ఊరుకుంటారు. రెండు పెళ్ళిళ్ళకు జ్వరం వస్తే మూడో పెళ్ళికి పిలుపు రాదు. ఇందులో ఎవరూ ఎవరినీ వెలివేయలేదు, అయినా ఒక కుటుంబం బంధువుల జాబితాలోంచి జారిపోయింది.

ఇలా జారిపోయిన వాళ్ళందరినీ కలిపి ఒక సామాజిక సమస్యగా చూడాలని 1974లో రెనే లెనువార్ అనే ఫ్రెంచి మంత్రి ప్రతిపాదించాడు. వికలాంగులు, మానసిక రోగులు, వృద్ధులు, జైలు నుంచి వచ్చినవారు, ఇలా సంక్షేమ వ్యవస్థ కంటికి ఆనని వారందరూ ఆయన లెక్కలో ఉన్నారు. తరవాత అమర్త్య సేన్ దీనికి ఒక తేడా చేర్చాడు: కొందరిని పనిగట్టుకుని దూరం పెడతారు, మరికొందరు ఎవరూ అనుకోకుండానే దూరమైపోతారు. ఈ తేడా మనకు బాగా పనికొస్తుంది. ఎందుకంటే మొదటి రకాన్ని మనం నేరంగా గుర్తుపడతాం, రెండో రకాన్ని తలరాత అంటాం.

మొదటి రకానికి మన రాష్ట్రంలోనే ఉదాహరణలకు కరువు లేదు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం విషయంలో తగాదా వచ్చి, దళితులకు పొలం పనులు ఇవ్వకుండా, వాళ్ళతో లావాదేవీలు లేకుండా ఊరు కట్టు కట్టింది. అప్పటికే ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను ఆ సవరణ శిక్షార్హమైన నేరంగా పేర్కొంది. 2016లోనే మహారాష్ట్ర శాసనసభ ఒక అడుగు ముందుకు వేసి, కుల పంచాయతీలు సొంత కులం వాళ్ళను వెలివేయడాన్ని కూడా నేరం చేస్తూ విడిగా చట్టం చేసింది. అలాంటి చట్టం మనకూ కావాలని నా అభిప్రాయం. కులాంతర వివాహం చేసుకున్న పిల్లల తల్లిదండ్రులను అడిగితే ఎందుకు కావాలో వాళ్ళే చెబుతారు.

చట్టం చేరలేని చోట ఏమి జరుగుతుందో చూడాలంటే తిరుపతిలో అద్దె ఇల్లు వెతకాలి. ఈ ఊరు బయటివాళ్ళతో నిండిన ఊరు. విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, దేవస్థానం ఉద్యోగాలు, ఐఐటీ, చుట్టూ ఫ్యాక్టరీలు. వచ్చేవాళ్ళందరికీ ఇల్లు కావాలి. ఒక ఆసుపత్రిలో కొత్తగా నర్సుగా చేరిన అమ్మాయి, తల్లిని వెంటబెట్టుకుని, "టూలెట్" బోర్డు చూసి ఒక గేటు తీస్తుంది. ఇంటావిడ బయటికి వస్తుంది. ఆప్యాయంగానే మాట్లాడుతుంది, మంచినీళ్ళు కూడా ఇస్తుంది. "ఏ ఊరమ్మా మీది?" "పుంగనూరు దగ్గరండీ." "ఇంటిపేరు?" చెబుతారు. ఆ పేరుతో తేలలేదు. "నీసు తింటారా?" "ఎప్పుడన్నా." "నాయన ఏం చేస్తాడు?" "లేడండీ, పోయినాడు." "ఇంకెవరన్నా వచ్చిపోతా ఉంటారా?" ఇంతలో లోపలి నుంచి పెద్దాయన గొంతు వినబడుతుంది. ఇంటావిడ లోపలికి వెళ్ళి, తిరిగి వచ్చి, "మా అక్క కొడుకు బెంగుళూరు నుంచి వస్తాడంట తల్లీ, వాళ్ళకే ఇస్తామని మాటిచ్చినాము" అంటుంది. వారం తరవాత కూడా ఆ బోర్డు ఆ గేటుకే వేలాడుతూ ఉంటుంది. ఆ అమ్మాయికి ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. ఫిర్యాదు చేయడానికి సాక్ష్యం లేదు, దుఃఖించడానికి సందర్భమూ లేదు. తల్లి మాత్రం ఆటోలో కూర్చున్నాక, "ఈసారి నాయన ఊళ్ళో ఉండాడని చెబుదాము" అంటుంది.

రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాల వంటి చోట్ల వివక్షను నిషేధించింది గాని, సొంత ఇంటిని అద్దెకు ఇచ్చే మనిషి మనసును పట్టుకోలేదు. 2005లో సుప్రీంకోర్టు గుజరాత్‌లోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని ఒక్క మతస్థులకే పరిమితం చేసుకునే నియమాన్ని సమర్థించింది. ఆ తీర్పుతో ఏకీభవించడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఎవరి పక్కింట్లో ఉంటామన్నదే మన పిల్లలు ఎవరితో ఆడుకుంటారో, రాత్రి పూట గుండెనొప్పి వస్తే ఎవరి తలుపు కొడతామో నిర్ణయిస్తుంది. ఇల్లు దొరకనివాడికి గోడలతో పాటు ఇరుగుపొరుగు కూడా దొరకదు.

ఇంత చిన్న తిరస్కారాలకు ఇంత బాధ ఎందుకు అని ఎవరైనా అనవచ్చు. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్నే పరీక్షించాడు. పార్కులో కూర్చుని ఉంటే ఎవరో ఇద్దరు అపరిచితులు విసురుకుంటున్న పళ్ళెం లాంటి ఆటవస్తువు అతని దగ్గర పడింది. తిరిగి విసిరాడు, వాళ్ళు మళ్ళీ అతని వైపు విసిరారు, కాసేపు ముగ్గురూ ఆడారు. ఉన్నట్టుండి వాళ్ళు అతనికి విసరడం మానేశారు. తాను అంతగా చిన్నబుచ్చుకోవడం చూసి అతనికే ఆశ్చర్యం వేసింది, దాన్నే కంప్యూటర్ మీద బంతి విసురుకునే ఆటగా మలిచాడు. మొదట రెండు మూడుసార్లు బంతి మనకు వస్తుంది, ఆ తరవాత మిగతా ఇద్దరూ తమలో తామే విసురుకుంటారు. కొద్ది నిమిషాల ఆటే. అయినా బంతి రానివాళ్ళు తమ విలువ తగ్గిపోయినట్టు, తమ చేతిలో ఏమీ లేనట్టు చెప్పారు. అవతల ఉన్నది మనుషులు కారు, కంప్యూటరేనని ముందే చెప్పినా అదే బాధ. తాము అసహ్యించుకునే ముఠా వాళ్ళు బంతి విసరకపోయినా అదే బాధ. చికాగో విశ్వవిద్యాలయంలో చాలాకాలం పనిచేసిన జాన్ కాచియొప్పో ఒంటరితనాన్ని ఆకలితో పోల్చాడు: శరీరానికి తిండి కావాలని ఆకలి చెప్పినట్టు, మనిషికి మనుషులు కావాలని ఈ బాధ చెబుతుంది. ఆకలైనవాణ్ణి పట్టుకుని నీ స్వభావం మార్చుకో అని మనం అనము కదా.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. ఒంటరిగా ఉండడం వేరు, ఒంటరితనం వేరు. తలకోన అడవిలో పదిరోజులు ఒక్కడే ఉండి హాయిగా తిరిగి వచ్చేవాళ్ళు ఉన్నారు. పదిమంది ఉన్న ఇంట్లో పలకరించే దిక్కులేని వాళ్ళూ ఉన్నారు. కొండ మీదికి మామూలు రోజుల్లోనే 60 వేలకు అటూ ఇటూగా జనం వచ్చే ఊరు మనది. తలలు లెక్కపెట్టి ఒంటరితనాన్ని కొలిచేటట్టయితే మన ఊళ్ళో అది ఉండనే కూడదు.

పదిమందిలో ఉండి ఒంటరిగా మిగిలేవాళ్ళలో నేను మొదట చెప్పవలసింది భర్త పోయిన స్త్రీల గురించి. పాత చిత్తూరు జిల్లాకే చెందిన తరిగొండలో 18వ శతాబ్దంలో పుట్టిన వెంగమాంబ జీవితం మీకు తెలిసిందే. బాల్యంలోనే పెళ్ళి, చిన్న వయసులోనే వైధవ్యం. జుట్టు తీయించుకోవడానికీ, బొట్టు చెరుపుకోవడానికీ ఆమె ఒప్పుకోలేదనీ, అందుకు ఊరి పెద్దలు ఆమెను నానా ఇక్కట్లూ పెట్టారనీ పరంపరగా చెప్పుకుంటున్నాం. చివరికి ఆమె తిరుమల చేరింది. ఇవాళ కొండ మీద రోజూ వేలాది మంది కులమూ ఊరూ అడగకుండా పక్కపక్కన కూర్చుని భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టుకున్నాం. ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఇస్తున్నాం. అమంగళమని ఊరు పక్కన పెట్టిన స్త్రీ హారతి లేనిదే స్వామికి పవళింపు లేదు. దీన్ని గర్వంగా చెప్పుకునే మనమే, కొండ దిగి వచ్చాక మన ఇళ్ళల్లో ఏం చేస్తున్నాం?

పెళ్ళికొడుకు తల్లి. మూడు నెలలుగా ఆ పెళ్ళి పనంతా ఆమె చేతుల మీదే నడిచింది. చీరల కోసం పుత్తూరు, నారాయణవనం తిరిగింది ఆమె, వంటవాళ్ళతో బేరమాడింది ఆమె, పసుపు దంచడానికి రోలు కడిగించి పెట్టింది కూడా ఆమె. ముత్తైదువలను పిలిచే వేళకు మాత్రం ఎవరూ చెప్పకుండానే పక్క గదిలోకి వెళ్ళి మంచం మీద బట్టలు మడతపెడుతూ కూర్చుంటుంది. కొడుకు వెతుక్కుంటూ వచ్చి "రామ్మా" అంటాడు. "నువ్వు పో నాయనా, నాకు ఈడ పనుంది" అంటుంది. ఆ గదిలోకి ఆమెను ఎవరూ తోయలేదు. తోయనక్కరలేనంతగా చిన్నప్పటి నుంచి చూసి నేర్చుకుంది. మన వెలివేతల్లో అన్నిటికంటే బలమైనది ఇదేనని నేననుకుంటాను, ఎందుకంటే దీన్ని అమలుచేసే భటుడు వెలిపడిన మనిషి లోపలే ఉంటాడు.

ఇది మార్చలేని ఆచారమేమీ కాదు. 2022 మే నెలలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ, భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, తాళి తెంచడం వంటివి తమ ఊళ్ళో ఉండకూడదని తీర్మానించింది; తరవాత ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ అదే చేయమని కోరింది. ఒక ఇల్లు ఒంటరిగా ఎదిరిస్తే బంధువులు ఆ ఇంటినే పక్కన పెడతారు. ఊరంతా తీర్మానిస్తే పక్కన పెట్టడానికి ఎవరూ మిగలరు. మన దగ్గర తీర్మానం లేకుండానే ఇలాంటి పని కొంత చేసినవి పొదుపు సంఘాలు. సంఘం సమావేశంలో చాప మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది పసుపు కుంకుమలను బట్టి ఉండదు. లీడరు భర్త పోయిన మనిషైతే బ్యాంకులో సంతకం ఆమెదే, మినిట్సు పుస్తకం ఆమె దగ్గరే. వారానికి ఒకసారి ఆమె రాకపోతే పని ఆగుతుంది. ఆ సంఘాలు అప్పుల కోసం పెట్టినవే కావచ్చు, వడ్డీల గురించి విమర్శలూ ఉండవచ్చు. అయినా ఒక మనిషి కోసం పదిమంది ఎదురుచూసే ఏర్పాటు వాటిలో ఉంది.

రోగం పేరుతో మనుషులను ఎడంగా పెట్టే అలవాటు గురించి కొంచెమే చెబుతాను. మదనపల్లె పక్కన ఉన్న ఆరోగ్యవరం శానిటోరియం నూరేళ్ళు దాటిన సంస్థ; క్షయకు మందు లేని రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో రోగులు అక్కడికి వచ్చేవారు. మందులు వచ్చాక, రోగిని ఇంట్లోనే ఉంచి వైద్యం చేయవచ్చా లేదా అన్నది తేల్చడానికి మద్రాసులో ఒక పరిశోధన జరిపి 1959లో ఫలితాలు ప్రకటించారు: ఇంట్లో ఉండి మందులు వాడినవారికీ శానిటోరియంలో ఉన్నవారికీ దాదాపు ఒకే ఫలితం వచ్చింది, ఇంట్లోవాళ్ళకు జబ్బు అంటుకునే ప్రమాదమూ అందువల్ల పెరగలేదు. ప్రపంచమంతా క్షయ వైద్యం పద్ధతి దాంతో మారింది. అయినా ఇవాళ్టికీ కోడలికి టీబీ అని తెలిస్తే కంచం విడిగా పెట్టే ఇళ్ళు ఉన్నాయి. కుష్ఠు సంగతి ఇంకా ఘోరం. ఆ రోగాన్ని విడాకులకు కారణంగా చూపే నిబంధన మన వివాహ చట్టాల్లోంచి తొలగింది 2019లో. అప్పటికి దానికి పూర్తిగా నయం చేసే మందుల కలయిక వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది.

ఇప్పుడు వృద్ధుల దగ్గరికి వస్తాను. ఈ సభలో సగం మంది ఆ వయసువారే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మన జిల్లాల నుంచి పిల్లలు బెంగుళూరుకు, చెన్నైకి, అటు నుంచి అమెరికాకు వెళ్ళారు. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్ళారు. వెళ్ళవద్దని ఎవరూ అనలేరు. వాళ్ళు పంపిన డబ్బుతోనే ఇక్కడ ఇళ్ళు కట్టారు, అప్పులు తీర్చారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పట్టించుకోని పిల్లల నుంచి మనోవర్తి ఇప్పిస్తుంది. ఆ చట్టంలో నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టారు. మంచి చట్టమే, ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టుకుంటే చాలు. కానీ నేను చెబుతున్న ముసలివాళ్ళకు డబ్బుకు లోటు లేదు. మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. పిల్లలు రోజూ వీడియో కాల్ చేస్తారు. ఆవిడ వీధి చివర అంగడికి ఉదయం వెళ్ళి కొత్తిమీర తెస్తుంది, పదకొండింటికి వెళ్ళి పచ్చిమిరపకాయలు తెస్తుంది, సాయంత్రం వెళ్ళి ఒక అగ్గిపెట్టె తెస్తుంది. మతిమరుపు అని ఇరుగుపొరుగు అనుకున్నారు. మతిమరుపు కాదు. ఒకేసారి తెచ్చుకుంటే ఆ రోజుకు మాట్లాడే మనిషి ఒక్కసారే దొరుకుతాడు. అంగడతను కూడా ఆ సంగతి గ్రహించినట్టుంది, "ఏంమ్మా, ఇంకేం మర్సిపోయినావు?" అని నవ్వుతూ అడిగి, చిల్లర ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేస్తాడు. అమెరికా నుంచి కొడుకు ఆవిడ ఫోనులో సరుకులు పది నిమిషాల్లో గుమ్మం దగ్గరికి తెచ్చే ఆప్ పెట్టించాడు. తల్లి ఎండలో నడవకూడదన్న ప్రేమతోనే పెట్టించాడు. ఆవిడ దాన్ని వాడడం లేదు, ఎందుకు వాడడం లేదో కొడుక్కి చెప్పనూ లేదు.

మన శిక్షాస్మృతి ఏకాంత నిర్బంధాన్ని ఎలా చూస్తుందో గమనించండి. పాత శిక్షాస్మృతిలో 73, 74 సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 11, 12 సెక్షన్లు. కఠిన శిక్ష పడిన ఖైదీనైనా సరే, ఎవరితోనూ మాటాపలుకూ లేకుండా ఒంటరి గదిలో ఉంచే కాలం మొత్తం మీద మూడు నెలలు దాటకూడదు. ఒక్క విడతలో పద్నాలుగు రోజులు మించకూడదు. మధ్యలో కనీసం అంతే విరామం ఇవ్వాలి. 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు ఈ శిక్షను కోర్టు ఆదేశం లేకుండా జైలు అధికారులు విధించకూడదని చెప్పింది. నేరస్థుడి విషయంలో పదిహేనో రోజును క్రూరత్వంగా గుర్తించిన సమాజం మనది. ఏ నేరమూ చేయని మనిషి ఒక మూడు పడకగదుల ఫ్లాట్‌లో నెలలకు నెలలు గడుపుతుంటే "ఆయనకేం, దర్జాగా ఉన్నాడు" అంటాం.

దీని ప్రభావం మనసుతో ఆగదు. జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2010లో 148 అధ్యయనాలను, వాటిలోని మూడు లక్షల పైచిలుకు మనుషుల వివరాలను కలిపి చూసింది. మనుషులతో గట్టి సంబంధాలు ఉన్నవారు ఆ అధ్యయన కాలం ముగిసేదాకా జీవించి ఉండే అవకాశం మిగతావారి కంటే 50 శాతం ఎక్కువ. రక్తపోటు మాత్ర వేసుకున్నారా అని రోజూ ఫోనులో అడిగే పిల్లలు, ఇవాళ ఎవరితో మాట్లాడారని కూడా అడిగితే బాగుంటుంది.

కుర్రవాళ్ళకు ఈ బాధ ఉండదనుకోవడం పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో అందరికంటే ఎక్కువగా ఒంటరితనం చెప్పుకున్నది ముసలివాళ్ళు కాదు, పదమూడేళ్ళ నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ లోపువాళ్ళు. అందులోనూ పదమూడు నుంచి పదిహేడు మధ్యవాళ్ళు. మన ఇంటర్మీడియట్ హాస్టళ్ళను తలచుకుంటే ఆశ్చర్యం వేయదు. ఒక గదిలో ఎనిమిది మంది, తెల్లవారుజాము నుంచి స్టడీ అవర్లు, మార్కులను బట్టి సెక్షన్లు, నెల పరీక్ష కాగానే సెక్షన్ మార్పులు. స్నేహం కుదిరేలోగా స్నేహితుడు పై సెక్షన్‌కో కింది సెక్షన్‌కో పోతాడు. పక్కవాణ్ణి పోటీదారుగా చూడమని నేర్పే చోట పిల్లవాడు ఎవరితో మనసు విప్పుతాడు? దీని మీద నాకు కోపం ఉంది, ఇక్కడితో ఆపుతాను.

ఇంతవరకు విన్నాక మీలో కొందరు, పాతకాలమే మేలు, వీధి తిన్నెల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం అనుకుంటూ ఉండవచ్చు. అది సగం నిజం. మన తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చాటింపు పడ్డాక ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి ఉండకూడదన్న కట్టుబాటు ఉంది. అవిలాల నుంచి కైకాల వారు సారె తెస్తారు, ఒక్కో వేషానికి ఒక్కో ఇంటివారు ఉంటారు, ఫలానావాళ్ళు రాకపోతే ఫలానా క్రతువు ఆగిపోతుంది. ప్రతివాడికీ ఒక పని, ప్రతివాడి కోసం ఎవరో ఎదురుచూడడం. ఒంటరితనానికి ఇంతకు మించిన విరుగుడు నాకు తెలియదు. కానీ ఆ పాత ఊళ్ళో పని పుట్టుకను బట్టే వచ్చేది, గౌరవమూ అవమానమూ కూడా పుట్టుకను బట్టే వచ్చేవి. మనం తలచుకుని మురిసిపోయే ఆ తిన్నె మీద ఎవరు కూర్చునేవారు, ఎవరు చెప్పులు చేతబట్టుకుని దాని ముందు నుంచి నడిచి వెళ్ళేవారు అన్నది కూడా తలచుకోవాలి. తిన్నె పోయినందుకు బాధపడేవారు ఉన్నట్టే, బెంగుళూరు వెళ్ళి ఎవరూ కులం అడగని గదిలో ఒంటరిగా పడుకుని ఊపిరి పీల్చుకున్నవారూ ఉన్నారు. మనకు కావలసింది జాతరలోని ఆ ఎదురుచూపు. దాని వెంట వచ్చే నిచ్చెనమెట్లు కావు.

ప్రభుత్వాలు ఏమి చేయగలవు? బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం బాధ్యతను మంత్రులకు అప్పగించాయి. జపాన్‌లో దీని మీద ఒక చట్టం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మంత్రి పదవులు సృష్టించడంలో మనకు ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు గాని, నాకు వాటి మీద పెద్ద ఆశలు లేవు. ఒంటరితనం పేరు ఎత్తకుండానే దాన్ని తగ్గించే పనులు ఉన్నాయి. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఖజానాకు భారమన్న వాదన ఉంది, అది చర్చించవలసిందే. అయితే పల్లె నుంచి నలభై రూపాయలు పెట్టుకుని రాలేక చెల్లెలి ముఖం చూడడం మానుకున్న ఒక అక్క ఇప్పుడు చంద్రగిరిలోనో పాకాలలోనో బస్సెక్కి మధ్యాహ్నానికి ఇక్కడికి వచ్చి, సాయంత్రానికి తిరిగి పోతున్నది. ఈ లాభాన్ని రాసుకునే గడి ఏ పద్దు పుస్తకంలోనూ లేదు.

ఇక ఈ గ్రంథాలయం సంగతి. కొనకుండా కూర్చోగలిగిన చోట్లు ఊళ్ళో తగ్గిపోతున్నాయి. హోటల్లో కాఫీ అయిపోగానే లేవాలి, పార్కులో సమయాలు ఉన్నాయి, గుడిలో క్యూ ముందుకు కదలాలి. పఠన మందిరంలో మాత్రం ఎవరూ ఎవరినీ ఎందుకు వచ్చావని అడగరు, ఏ కులమని అడగరు. ఉదయం పత్రికల బల్ల చుట్టూ చేరే పెద్దలూ, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలూ ఒకే కప్పు కింద ఉన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే: ఆ పెద్దల్లో గుమాస్తాలుగా, లెక్కల మాస్టర్లుగా, కోర్టు ఉద్యోగులుగా చేసినవారు ఉన్నారు, వారానికి ఒకటి రెండు పూటలు ఆ పిల్లలకు పాఠం చెప్పే పని వాళ్ళకు అప్పగించండి. ఏ రోజు ఎవరో పేరు రాసి గోడకు అంటించండి. తన పేరు ఎదురుగా గురువారం అని రాసి ఉన్న మనిషి బుధవారం రాత్రి మందులు మరచిపోడు.

అద్దె ఇళ్ళ విషయం ఇంత సులువుగా తేలదు. ఒక ఇంటి యజమానిని మార్చడం నా వల్ల కాదు. అపార్ట్‌మెంట్ సంఘాలకు మాత్రం రాతపూర్వకమైన నియమాలు ఉన్నాయి. పెళ్ళికానివాళ్ళకు ఇవ్వరాదు, మాంసాహారులకు ఇవ్వరాదు, పనిమనుషులు లిఫ్టు ఎక్కరాదు అని నోటీసు బోర్డుల మీద నేను చూశాను. వాటిని తీసేయడానికి ఏ చట్టమూ రానక్కరలేదు, సర్వసభ్య సమావేశంలో ఒకరు లేచి అడగాలి, ఇంకొకరు వెంటనే లేచి బలపరచాలి. రెండో మనిషి లేవకపోతే మొదటివాడి గతి ఏమవుతుందో ఇంతసేపూ చెప్పుకున్నాం. అలాంటి సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు ఈ సభలో ఉన్నారు. మీ ఇబ్బందులు మీకు ఉంటాయి, ఫ్లాట్ల యజమానుల ఒత్తిడి ఉంటుంది. అవేమిటో చెప్పండి, మిగిలిన సమయమంతా వాటికే ఇద్దాం.